శ్రీలంక వెళ్ళి "ఇంత బాగుంటుందనుకోలేదు" అనాలంటే

శ్రీలంక వెళ్తున్నామని చెప్తే మనవాళ్ళు మొదట అనే మాట "అక్కడేముంది, కేరళ లాంటిదే కదా" అని. ఇంకొందరికి 2022లో టీవీల్లో చూసిన పెట్రోలు క్యూలు గుర్తొస్తాయి. బాలీకో వియత్నాంకో సెలవులు చాలకపోతే సర్దుకుని వెళ్ళే దేశంగానే చాలామంది దాన్ని లెక్కేస్తారు. అలా సర్దుకుని వెళ్ళినవాళ్ళే తిరిగొచ్చాక నెల్లాళ్ళు ఆ కబుర్లే చెప్తుంటారు. అందరూ కాదనుకోండి. అదే డబ్బు పెట్టి, అన్ని రోజులే తిరిగి, "కార్లో కూర్చోవడంతోనే సరిపోయింది" అని విసుక్కునేవాళ్ళూ ఉన్నారు.

ఈ తేడా అదృష్టం మీద ఆధారపడదు. టికెట్టు కొనకముందు తేల్చుకోవాల్సినవి మూడున్నాయి: ఏ నెలలో ఏ తీరానికి వెళ్ళాలి, ఎన్ని ఊళ్ళలో దిగాలి, ఏది చూడకుండా వదిలెయ్యాలి. ఈ మూడూ సరిగ్గా తేల్చుకుంటే మిగతాదంతా ఆ దేశమే చూసుకుంటుంది. మొదటిసారి వెళ్తున్న కుటుంబం, చేతిలో ఎనిమిది తొమ్మిది రోజులు ఉన్నాయనుకుని రాస్తున్నాను.

1. ముందు నెల, తర్వాతే ఊరు

దీవి చిన్నదే కానీ దానికి వానాకాలాలు రెండు. మే నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలులు పడమర, దక్షిణ తీరాలను తడుపుతాయి. అక్టోబరు చివర్నుంచి జనవరి దాకా ఈశాన్య గాలుల వంతు. అప్పుడు తూర్పు, ఉత్తరాల్లో వానలు. నడిమధ్య కొండలు గోడలా నిలబడటంతో ఒక పక్క కుండపోత పడుతుంటే రెండో పక్క ఎండ కాస్తుంటుంది. అంటే ఏడాది మొత్తంలో ఏదో ఒక తీరం బాగానే ఉంటుంది. మనం తప్పు తీరంలో దిగకుండా చూసుకుంటే చాలు.

పిల్లల వేసవి సెలవుల్లో వెళ్ళేవాళ్ళు కళ్ళు మూసుకుని తూర్పు తీరం పెట్టుకోండి. త్రింకోమలి, దాని పక్కనే నీలావెలి, ఇంకాస్త దక్షిణంగా పాసికుడా. పాసికుడాలో సముద్రంలోకి చాలా దూరం నడిచినా నీళ్ళు నడుము దాటవు, చిన్నపిల్లలున్నవాళ్ళకు అంతకన్నా ఏం కావాలి? అదే మే నెలలో పడమర తీరాన బెంటోటా, హిక్కడువ వైపు రిసార్టులు బాగా చవగ్గా కనిపిస్తాయి. ఎందుకు చవకో ఇప్పుడు మీకు తెలుసు. అలలు పెద్దవి, ఒడ్డున ఎర్రజెండాలు, గదిలో కూర్చుని వాన చూడటమే.

క్రిస్మస్, సంక్రాంతి సెలవులకైతే దీనికి తిరగేసి చేయండి. దక్షిణ తీరాన గాలే, ఉనవటున, మిరిస్స. మిరిస్సలో డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా పడవల మీద తిమింగలాలను చూడటానికి తీసుకెళ్తారు. దసరా సెలవులు మాత్రం మధ్యస్థం. రెండు రుతుపవనాల నడుమ కాలం కాబట్టి ఎక్కడైనా సరే మధ్యాహ్నం దాటాక ఉరుములతో వాన పడొచ్చు. పొద్దున్నే తిరిగేసి మధ్యాహ్నానికి గదికి చేరేలా పెట్టుకుంటే ఇబ్బంది లేదు.

తేదీలు ఖాయం చేసేముందు వాళ్ళ కేలెండరు కూడా ఒకసారి చూడండి. ఏప్రిల్ 13, 14 తేదీల్లో సింహళ, తమిళ కొత్త సంవత్సరం. కొలంబో ఖాళీ అయిపోతుంది, కొట్లు మూసేస్తారు, బస్సుల్లో కాలు పెట్టే చోటుండదు, చల్లదనం కోసం ఊరంతా కొండ మీది నువర ఎలియలోనే ఉంటుంది. ఆ వారం వదిలెయ్యండి. ప్రతి పున్నమీ అక్కడ సెలవే, పోయ అంటారు. ఆ రోజు మద్యం అమ్మరు. అయితే వైశాఖ పున్నమికి వచ్చే వెసాక్ పండుగ మాత్రం దొరికితే వదలొద్దు, విమానం తేదీ మార్చుకోవాల్సి వచ్చినా సరే. ప్రతి ఇంటి ముందూ వెదురు పుల్లలకు రంగు కాగితం అంటించి చేసిన ఎనిమిది మూలల లాంతర్లు వేలాడతాయి. కూడళ్ళలో జాతక కథల బొమ్మలతో, వేలాది బల్బులతో పెద్ద పెద్ద తోరణాలు నిలబెడతారు. రోడ్డు పక్కన దన్సల్ పేరుతో అన్నదానాలు. కుర్రాళ్ళు జెండాలు ఊపుతూ వచ్చే పోయే బళ్ళను ఆపి మరీ అన్నమో, షర్బత్తో, ఐస్‌క్రీమో చేతిలో పెడతారు. విదేశీయులని వేరుగా చూడరు, డబ్బు తీసుకోరు. టూరిస్టు కోసం పెట్టింది ఒక్కటీ లేని పండుగ అది.

2. కిలోమీటర్లు చూడకండి, గంటలు లెక్కేయండి

మ్యాపులో అన్నీ పక్కపక్కనే కనిపిస్తాయి. విసుగు మొదలయ్యేది సరిగ్గా ఇక్కడే. ఎక్స్‌ప్రెస్‌వేలు వదిలేస్తే రోడ్లు రెండు వరుసలవి, ఊళ్ళ మధ్య నుంచి పోతాయి. మైదానంలో గంటకు నలభై కిలోమీటర్లు, కొండల్లో ముప్పై లోపు అని లెక్కేసుకోండి. విమానాశ్రయం నుంచి సిగిరియ నూట యాభై కిలోమీటర్ల లోపే, కానీ నాలుగు గంటలు తీసేయండి. సిగిరియ నుంచి క్యాండీ తొంభై కిలోమీటర్లు, రెండున్నర మూడు గంటలు.

మామూలు ప్యాకేజీ ఇలా ఉంటుంది: ఐదు రాత్రులు, నాలుగు ఊళ్ళు, రోజూ పొద్దున పెట్టె సర్దుకోవడం, దారిలో సుగంధద్రవ్యాల తోట, రత్నాల షాపు, బాతిక్ అద్దకం బట్టల షాపు. ఆ ఆగే చోట్లు మీ కోసం పెట్టినవి కావని వేరే చెప్పక్కర్లేదు. దానికి బదులు మూడంటే మూడు ఊళ్ళు పెట్టుకోండి. ఒక్కో చోట రెండు, మూడు రాత్రులు. ప్రతి చోటా ఒక మధ్యాహ్నాన్ని ఏ పనీ పెట్టుకోకుండా వదిలెయ్యండి. తర్వాత గుర్తుండిపోయేవి చాలావరకు ఆ ఖాళీ మధ్యాహ్నాల్లోనే దొరుకుతాయి.

ఎండాకాలానికి నేను చెప్పే దారి: దిగిన రాత్రి నెగొంబో, తర్వాత సిగిరియ రెండు రాత్రులు, త్రింకోమలి మూడు, క్యాండీ రెండు, అక్కడి నుంచి విమానాశ్రయం. చలికాలానికైతే నెగొంబో, క్యాండీ రెండు, రైల్లో కొండల్లోని ఎల్ల రెండు, గాలే మూడు. గాలే నుంచి ఎక్స్‌ప్రెస్‌వే ఉంది కాబట్టి చివరి రోజు ప్రయాణం తేలిక.

నెగొంబో ఎందుకంటే, కొలంబో విమానాశ్రయం ఉన్న కటునాయక నిజానికి కొలంబోలో లేదు, ఊరికి ముప్పై కిలోమీటర్ల పైన ఉత్తరాన ఉంది. నెగొంబో దాని పక్కనే. అర్ధరాత్రి దిగి కొలంబో దాకా వెళ్ళి, పొద్దున్నే మళ్ళీ అదే దారిలో వెనక్కి రావడం ఎందుకు? నెగొంబోలో అయితే నిద్ర లేచి సముద్రం ఒడ్డుకు నడిస్తే చాలు, ఇసుక మీద గోనెపట్టాలు పరిచి చేపలు ఎండబెడుతుంటారు. వాసన భరించగలిగితేనే సుమా.

3. కాగితాలు, డబ్బు

హైదరాబాద్ నుంచి నేరుగా విమానాలున్నాయి, దాదాపు రెండు గంటల ప్రయాణం. చెన్నై నుంచి ఎక్కువ సర్వీసులు, తరచుగా తక్కువ ధర. రాయలసీమ, నెల్లూరు వాళ్ళకు చెన్నైయే సుఖం.

ముందుగా ఈటీఏ అనే ఆన్‌లైన్ అనుమతి తీసుకోవాలి. భారతీయులకు ఫీజు ఉందా లేదా అనేది 2023 నుంచి చాలాసార్లు మారింది కాబట్టి ఎవరో పోయినేడు చెప్పింది నమ్మి కూర్చోవద్దు. శ్రీలంక ప్రభుత్వ ఇమిగ్రేషన్ సైటులోనే చూసి, అక్కడే కట్టండి. గూగుల్లో వెతికితే పైన కనిపించేవాటిలో రెండింతలు గుంజే దళారీ సైట్లు ఉంటాయి. చిరునామా చివర గవ్ డాట్ ఎల్‌కే అని ఉందో లేదో చూసుకోండి. పాస్‌పోర్టుకు ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి.

మన రూపాయికి వాళ్ళ రూపాయలు మూడు పైచిలుకు వస్తాయి. మొదటి రోజు బిల్లులు చూసి గుండె గుభేలుమంటుంది, తర్వాత మూడుతో భాగించడం అలవాటైపోతుంది. విమానాశ్రయంలో బయటికి వచ్చే దారిలోనే బ్యాంకు కౌంటర్లుంటాయి, డాలర్లు అక్కడ మార్చుకోవచ్చు. సిమ్ కూడా అక్కడే. యూపీఐ 2024 ఫిబ్రవరి నుంచి పనిచేస్తోంది కానీ పెద్ద షాపుల్లోనే అనుకోండి. ఆటోవాడి దగ్గరా, టిఫిన్ కొట్టు దగ్గరా నోట్లే. ఆటోకు పిక్‌మీ యాప్ వేసుకోండి, బేరాల గొడవ ఉండదు. ప్లగ్గులు చాలాచోట్ల చదరపు మూడు కాళ్ళవి, అడాప్టరు సర్దుకోండి.

చారిత్రక స్థలాల టికెట్ల దగ్గర ఒక మాట. విదేశీయుల ధర డాలర్లలో ఉంటుంది, చూడగానే ఎక్కువ అనిపిస్తుంది. సార్క్ దేశాల వాళ్ళకు, అంటే మనకూ, తగ్గింపు రేటు ఉన్న చోట్లు చాలా ఉన్నాయి, కానీ అడిగితేనే ఇస్తారు, అసలు పాస్‌పోర్టు చూపించాలి. పాస్‌పోర్టు హోటల్ లాకర్లో పెట్టి వెళ్ళి కౌంటరు దగ్గర నిలబడి ప్రయోజనం లేదు.

4. రాళ్ళు, చెరువులు: పొద్దున్నే, లేకపోతే వద్దు

సిగిరియ రాతికోట 5వ శతాబ్దంలో కాశ్యపుడనే రాజు కట్టుకున్నది. చుట్టూ ఉన్న నేల నుంచి దాదాపు 200 మీటర్ల ఎత్తు, 1,200 దాకా మెట్లు. తొమ్మిది దాటాక రాయి వేడెక్కుతుంది, టూరు బస్సులూ వస్తాయి, ఇనుప మెట్ల మీద క్యూ కదలదు. గేటు తెరిచే వేళకే అక్కడుండాలి, అందుకే ముందు రాత్రి సిగిరియలోనే బస. మధ్యలో గుహలో ఉన్న అప్సరసల చిత్రాలకు ఫోటోలు తీయనివ్వరు. అవి దాటాక వచ్చే అద్దపు గోడ దగ్గర చాలామంది ఆగరు. మీరు ఆగండి. ఆ గోడ మీద 6వ శతాబ్దం నుంచీ వచ్చిన సందర్శకులు పైనున్న బొమ్మల అందాన్ని చూసి పద్యాలు గీకి వెళ్ళారు. పరణవితాన అనే పండితుడు వాటిలో 685 చదివి 1956లో అచ్చువేయించాడు. దగ్గరగా వంగి చూస్తే సన్నటి అక్షరాలు కనిపిస్తాయి.

మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు దారిలో వచ్చే పెద్ద సింహపు పంజాల బొమ్మ దాకా ఎక్కి అక్కడ కూర్చుంటే చాలు, సగం పైన చూసేసినట్టే. డబ్బు కలిసి రావాలనుకునేవాళ్ళు ఎదురుగా ఉన్న పిదురంగల కొండ ఎక్కొచ్చు, టికెట్టు చాలా తక్కువ, సిగిరియ పూర్తిగా కనిపించేది అక్కడి నుంచే. పైన చివరి భాగంలో బండల మీద చేతులు వేసి పాకాలి, పెద్దవాళ్ళకు వద్దు.

మర్నాడు పాత రాజధాని పొలొన్నరువ. ఇక్కడ కారు దిగి సైకిళ్ళు అద్దెకు తీసుకోండి. అంతా సమనేల, చెట్ల నీడ, శిథిలాల మధ్య మట్టిదారులు. గల్ విహారలో ఒకే గ్రానైటు కొండచరియలో చెక్కిన బుద్ధులు, పడుకున్న విగ్రహం పొడవు 14 మీటర్లు. తలకింద దిండు మీద తల బరువుకు పడ్డ నొక్కు కూడా రాతిలో చెక్కారు. ఊరి పక్కన పరాక్రమ సముద్రం అనే చెరువుంది, 12వ శతాబ్దంలో మొదటి పరాక్రమబాహు తవ్వించింది. రామప్ప, పాకాల చూసినవాళ్ళకు ఆ కట్ట మీద సాయంత్రం నడుస్తుంటే ఊళ్ళోనే ఉన్నట్టుంటుంది. రాజు చెరువు తవ్వించడం, పక్కన గుడి కట్టించడం అక్కడా అదే వరస.

బౌద్ధ స్థలాల్లో భుజాలు, మోకాళ్ళు కప్పుకోవాలి, చెప్పులు, టోపీ తీసేయాలి. మధ్యాహ్నం వేళ ఆ రాతి నేల పెనంలా ఉంటుంది. సాక్సు వేసుకోవచ్చు, ఒక జత సంచిలో పడేసుకోండి. ఇక ముఖ్యమైంది: బుద్ధ విగ్రహానికి వీపు పెట్టి సెల్ఫీ దిగొద్దు. అక్కడ అది తీవ్రమైన అవమానం, కాపలావాళ్ళు వచ్చి ఫోటో చెరిపేయిస్తారు.

ఏనుగులు చూడాలంటే సిగిరియకు దగ్గర్లోని హబరణ దగ్గర జీపులు మాట్లాడుకోండి, మధ్యాహ్నం బయల్దేరతాయి. మిన్నేరియ, కౌడుల్ల, హురులు పార్కులు మూడూ పక్కపక్కనే. "ఈ రోజు ఏనుగులు ఎందులో ఉన్నాయి?" అని అడిగి దానికే వెళ్ళండి, ఫలానా పార్కే కావాలని పట్టుపట్టొద్దు. జులై నుంచి సెప్టెంబరు దాకా మిన్నేరియ చెరువు ఎండే కొద్దీ పచ్చగడ్డి కోసం వందల కొద్దీ దిగుతాయి. హబరణ, త్రింకోమలి రోడ్డు మీద చీకటి పడ్డాక ప్రయాణం పెట్టుకోకండి, అవి రోడ్డు మీదే నిలబడి ఉంటాయి.

5. త్రింకోమలి

"లంకాయాం శాంకరీ దేవీ" అని అష్టాదశ శక్తిపీఠాల శ్లోకం మొదలయ్యేది ఈ ఊరితోనే. ఇంట్లో పెద్దవాళ్ళుంటే ఈ ఒక్క మాట చాలు, పాస్‌పోర్టు వాళ్ళే వెతుక్కుంటారు. కోణేశ్వరస్వామి గుడి సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొండకొమ్ము మీద ఉంటుంది, అమ్మవారి గుడి ఆ ఆవరణలోనే. పాత ఆలయాన్ని 17వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్ళు కూల్చి, ఆ రాళ్ళతోనే కోట కట్టుకున్నారు. ఇప్పుడు గుడికి ఆ కోటలోంచే దారి. కోటలో చుక్కల జింకలు ఆవుల్లా తిరుగుతుంటాయి, చేతిలో కొబ్బరిచిప్ప కనిపిస్తే వెంటపడతాయి.

సాయంత్రం పూజకు వెళ్ళండి. గుడి వెనక కొండ అంచున నిలబడితే కింద నీళ్ళ రంగు పైనుంచి అడుగు దాకా కనిపిస్తుంది. మర్నాడు పొద్దున్నే నీలావెలి నుంచి పడవలో పావురాల దీవికి (పిజన్ ఐలాండ్) వెళ్ళండి. అద్దాల ముసుగు పెట్టుకుని నీళ్ళలో తల ముంచితే పగడాల మధ్య రంగురంగుల చేపలు, అప్పుడప్పుడు మూరెడో బారెడో ఉన్న నల్లకొసల సొరచేపలు. అవి మనల్ని చూసి తప్పుకుంటాయి, టెన్షన్ పడక్కర్లేదు. ఈత రాకపోయినా లైఫ్ జాకెట్ ఇస్తారు. పగడాల మీద కాలు పెట్టొద్దు, విరిగిందంటే మళ్ళీ పెరగడానికి ఏళ్ళు పడుతుంది. త్రింకోమలి తమిళులు ఎక్కువున్న ఊరు కాబట్టి శాకాహారులకు ఇడ్లీ, దోసె, సాంబారు దొరకని వీధి ఉండదు.

6. క్యాండీ, అక్కడి మనవాళ్ళు

దళదా మాళిగ అంటే బుద్ధుడి దంతం ఉందని నమ్మే ఆలయం. పగలు వెళ్తే గుంపులో తోసుకుంటూ బయటపడతారు. పూజలు రోజుకు మూడు, తెల్లవారుజామున జరిగే మొదటి పూజకు వెళ్ళండి. తెల్లబట్టలు కట్టుకున్న కుటుంబాలు కలువపూల పళ్ళేలు పట్టుకుని వరుసలో నిలబడతాయి, కింద డప్పులు మోగుతాయి, టూరిస్టులు ఇంకా లేచి ఉండరు.

ఆ గుడి ముందున్న ఎనిమిది మూలల మంటపం, దాని పక్కన చెరువు కట్టించిన రాజు శ్రీవిక్రమరాజసింహ. అసలు పేరు కణ్ణుసామి. క్యాండీని 1739 నుంచి 1815 దాకా ఏలినవాళ్ళు మదురై నాయకుల బంధువర్గం, తెలుగు మూలాలున్న వంశం. ఆ చివరి రాజును ఇంగ్లీషువాళ్ళు 1815లో దించేసి వేలూరు కోటలో ఉంచారు, 1832లో అక్కడే పోయాడు. చిత్తూరు నుంచి వేలూరు ఆసుపత్రులకు వెళ్ళే మనవాళ్ళు ఆ కోట ముందు నుంచే పోతుంటారు. ఈ సంగతి తెలిసి క్యాండీ చెరువు చుట్టూ తిరిగితే ఆ ఊరు వేరేగా కనిపిస్తుంది.

తెలుగు సంబంధం ఇంకా పాతది. 3వ శతాబ్దపు నాగార్జునకొండ శాసనంలో సింహళ విహారం ప్రస్తావన ఉంది, అంటే అక్కడి భిక్షువుల కోసం కృష్ణ ఒడ్డున ఒక మఠమే ఉండేది. ఇప్పటికీ శ్రీలంకలో అహికుంటికులు అనే చిన్న జనం ఇంట్లో ఒక రకం తెలుగు మాట్లాడతారు, పాములాడించడం, జోస్యం చెప్పడం వాళ్ళ పాత వృత్తులు. ఎక్కడైనా ఎదురైతే పలకరించండి, అంతేగానీ వింత చూడటానికి వాళ్ళ గూడేలకు బండి కట్టించుకు వెళ్ళొద్దు.

పెరదెనియ తోటకు ఒక మధ్యాహ్నం ఇవ్వండి. 1821లో మొదలైన తోట, పేద్ద మర్రి లాంటి జావా అత్తి చెట్టు కింద ఊరివాళ్ళు క్యారేజీలు విప్పుకుని తింటుంటారు.

7. కొండ రైలు

క్యాండీ నుంచి ఎల్లకు ఆరేడు గంటల రైలు. దీని గురించి అందరూ చెప్పేదే చెప్తారు, నేను టికెట్టు గురించి చెప్తాను. రిజర్వేషను ముప్పై రోజుల ముందు తెరుస్తారు, నిమిషాల్లో అయిపోతుంది. దొరక్కపోతే బ్రోకరుకు మూడింతలు ఇవ్వకండి. మూడు దారులున్నాయి. ఎదురు దిశలో, అంటే ఎల్ల నుంచి క్యాండీకి చూడండి, రద్దీ తక్కువ. లేదా నువర ఎలియ దాకా కార్లో వెళ్ళి, ఆ ఊరి స్టేషను నాను ఓయలో ఎక్కండి. అందమైన సగం అక్కడి నుంచే. లేదా ఆ రోజే కౌంటర్లో అమ్మే రిజర్వేషను లేని టికెట్టు కొని నిలబడండి, గంటకో రెండు గంటలకో సీటు దొరుకుతుంది.

ఫస్టు క్లాసు ఏసీ వద్దు. దాని కిటికీలు తెరుచుకోవు. ఈ రైలు సుఖమంతా సెకండు, థర్డు క్లాసుల తెరిచిన కిటికీలో ఉంది: మొహానికి తగిలే పొగమంచు, కిటికీలోంచి చెయ్యి చాపితే తగిలేంత దగ్గర్లో తేయాకు. పట్టిపొల స్టేషను దగ్గర రైలు దాదాపు 1,890 మీటర్ల ఎత్తుకు చేరుతుంది, స్వెట్టరు పైసంచిలోనే ఉంచుకోండి. బుట్ట చంకన పెట్టుకుని "ఇస్సో వడె, వడె వడె" అని అరుస్తూ ఒకడు పెట్టెల గుండా వస్తాడు. పప్పువడ మీద తోకతో సహా రొయ్యలు అద్ది వేయించింది, బడి పిల్లల పాత నోటుపుస్తకం పేజీలో చుట్టి ఇస్తాడు. నూనె మరకల కింద ఎవరో పిల్లవాడి లెక్కలు, టీచరు పెట్టిన ఎర్ర టిక్కులు కనిపిస్తాయి. శాకాహారులకు రొయ్య లేని వడ కూడా ఉంటుంది, "పరిప్పు వడె" అనండి.

తలుపు బయట వేలాడుతూ ఫోటోలు దిగడం అక్కడ ఒక పిచ్చి అయిపోయింది. సొరంగం గోడలకు, స్తంభాలకు కొట్టుకుని ప్రాణాలు పోయినవాళ్ళున్నారు. పిల్లల చెయ్యి వదలొద్దు. మరో సంగతి, 2025 నవంబరులో వచ్చిన దిత్వా తుఫానుకు కొండచరియలు విరిగి ఈ లైను బాగా దెబ్బతింది. ఏ భాగంలో రైళ్ళు నడుస్తున్నాయో చూసుకున్నాకే ఎల్లలో హోటల్ బుక్ చేయండి.

ఎల్ల బజారంతా కెఫేలే, రాత్రి పాటల మోత. ఊరికి కిలోమీటరు రెండు కిలోమీటర్ల అవతల, లోయ కనిపించే ఇంట్లో దిగండి. తొమ్మిది తోరణాల వంతెనకు తేయాకు తోటల గుండా నడిచి వెళ్ళొచ్చు. 1921లో పూర్తయింది, ఉక్కు వాడకుండా రాయి, ఇటుక, సిమెంటుతో కట్టారు. రైలు వచ్చే వేళలు మీరు దిగిన ఇంటివాళ్ళనే అడగండి, కాస్త ఆలస్యాన్ని కూడా కలుపుకుని చెప్తారు.

8. తిండి దగ్గర ఎవరూ ముందే చెప్పనివి

మధ్యాహ్నం అన్నం, కూరలు అడగండి. పళ్ళెం నిండా అన్నం, చుట్టూ నాలుగైదు కూరలు, పప్పు, కొబ్బరి పచ్చడి, అప్పడం, చాలాచోట్ల అడిగితే మళ్ళీ వడ్డిస్తారు. కారం మనకు సరిపోతుంది, ఒక్కోసారి మనకే ఎక్కువవుతుంది. హోటల్ బఫేలో తెల్లవాళ్ళ కోసం చప్పగా చేసింది తిని "వాళ్ళ వంటలో ఏమీ లేదు" అనుకుని వచ్చేయకండి.

శాకాహారులు జాగ్రత్త పడాల్సింది మాంసం దగ్గర కాదు, అది కంటికి కనిపిస్తుంది. అసలు చిక్కు ఉంబలకడ. ఎండబెట్టిన చేపను దంచిన పొడి. కొబ్బరి పచ్చడిలో, వంకాయ వేపుడులో, ఒక్కోసారి ఆకుకూరలో కూడా కలుపుతారు. "వెజిటేరియన్" అంటే తల ఊపుతారు, కానీ వాళ్ళ లెక్కలో అది చేప కిందికి రాదు. "ఉంబలకడ ఎపా" అని గట్టిగా చెప్పండి, వద్దు అని అర్థం. బేకరీల్లో త్రికోణంగా ఉన్న బన్ను దాదాపు ఎప్పుడూ చేపదే. కొలంబోలో ఉంటే వెల్లవత్త వైపు సైవ (అచ్చంగా శాకాహార) హోటళ్ళకు వెళ్ళిపోండి, అక్కడ ఏ అనుమానమూ లేదు. బేకరీలో కూర్చుంటే అడక్కుండానే ఒక పళ్ళెం నిండా రకరకాలు తెచ్చి పెడతారు. కంగారు పడకండి, తిన్నవాటికే లెక్క కడతారు.

రోడ్డు పక్కన నారింజ రంగు బొండాలు కనిపిస్తే ఆగండి, తంబిలి అంటారు. తాగాక తిరిగి ఇస్తే కొట్టువాడు రెండు చెక్కలు చేసి, పైతొక్కలోంచి చిన్న ముక్క చెక్కి చెంచాలా ఇస్తాడు, లేత కొబ్బరి గీరుకోవడానికి. ఇక అన్నిటికన్నా మించింది గేదెపెరుగు, కితుల్ పాకం. మట్టికుండలో కత్తితో కోయాల్సినంత గట్టిగా తోడుకున్న పెరుగు, దాని మీద నల్లటి పాకం ధారగా పోస్తారు. కితుల్ అంటే మన పాడేరు, రంపచోడవరం వైపు కల్లు తీసే జీలుగు చెట్టే. మనం కల్లు దగ్గర ఆగిపోయాం, వాళ్ళు దాన్ని పాకం దాకా మరగబెట్టారు. పంచదార కలిపిన నకిలీ కూడా అమ్ముతారు. కొనేముందు ఒక చుక్క రుచి చూడండి, అసలుదైతే తీపి వెనక కొంచెం పొగవాసన ఉంటుంది.

9. వదిలెయ్యాల్సినవి

సుగంధద్రవ్యాల తోటలు, పైన చెప్పాను. ఏనుగుల సవారీ. కొలంబోలో రెండు రోజులు; ఒక సాయంత్రం గాల్ ఫేస్ ఒడ్డున తిరిగితే చాలు. రామాయణ స్థలాల యాత్ర పేరుతో దీవంతా తిప్పే ప్యాకేజీ కూడా నా లెక్కలో వద్దు. నువర ఎలియ దారిలో వాగు ఒడ్డున ఉన్న సీతమ్మ గుడి ఒక్కటి చూడండి, చిన్నదే కానీ బాగుంటుంది, నీళ్ళ పక్క బండ మీద హనుమంతుడి పాదముద్రలని గుంటలు చూపిస్తారు. మిగతావాటిలో చాలావాటికి మూడు గంటల ప్రయాణం, పది నిమిషాల దర్శనం. త్రింకోమలిలో ఇంకో రాత్రి ఉండటం మేలు.

కారు, డ్రైవరు మొత్తం ట్రిప్పుకు మాట్లాడుకుంటే బండి ఖాళీగా ఉన్న రోజులకూ డబ్బు కడతారు. ఊరు మారే రోజుకే మాట్లాడుకోండి, మీరు దిగిన గెస్ట్‌హౌస్ వాళ్ళే కుదురుస్తారు. మూడు గంటల లోపు దూరాలకు పగలు బస్సు కూడా ఒకసారి ఎక్కండి. ఎర్రబస్సు ప్రభుత్వానిది, మిగతావి ప్రైవేటు, ప్రైవేటువాడు నడిపే తీరు చూస్తే మన విజయవాడ బస్సులే నయమనిపిస్తుంది.

చివరి రోజు

టీపొడి విమానాశ్రయంలో కాకుండా ఊళ్ళోని సూపర్‌మార్కెట్‌లో కొనండి, చాలా తేడా ఉంటుంది. నువర ఎలియ తేయాకు లేత రంగులో తేలిగ్గా ఉంటుంది, పాలు పోస్తే నీరుగారిపోతుంది. మనలా చిక్కటి పాలటీ పెట్టుకోవాలంటే రుహున రకం తీసుకోండి. కితుల్ పాకం సీసా కొన్నవాళ్ళు దాన్ని చెకిన్ పెట్టెలోనే వేయండి, చేతిసంచిలో ఉంటే సెక్యూరిటీ దగ్గర వదిలేసి రావాలి. మూతకు టేపు చుట్టి రెండు కవర్లలో పెట్టండి. మిగిలిన లంక రూపాయలు ఇమిగ్రేషను దాటకముందే బ్యాంకు కౌంటర్లో మార్చేసుకోండి, హైదరాబాద్‌లో వాటిని తీసుకునేవాళ్ళు దొరకడం కష్టం. మార్చేటప్పుడు మొదటిసారి మార్చిన రసీదు వాళ్ళు అడగొచ్చు, దాన్ని పారేయకుండా పాస్‌పోర్టులోనే పెట్టుకోండి.